బురదకు నేర్పిన అబద్ధం

నమోదు 212
వంశధార మొగ, ‘తరంగిణి’ ఓడ మీద

నది సముద్రంలో కలిసే చోట పొద్దున్నే రెండు గొట్టాలు అడుగుకి దించాం. రెండూ నిండా బురదతో పైకొచ్చాయి. సరంగు దావీదు గొలుసు లాగే వించి ఆపి చేతులు దులుపుకుంటూ, “ఈపాలి అడుగు బాగా మెత్తగుందండి రత్నమ్మగారూ, పెరుగులో గరిటె దిగినట్టు దిగిపోనాది” అన్నాడు. గాలి దక్షిణం నుంచి వీస్తోంది కాబట్టి అందరం ముక్కుగుడ్డలు కట్టుకునే పనిచేశాం. సముద్రం మీంచి విషం మోసుకొచ్చే ఎర్రగాలి ఇంకా రాలేదు గానీ దాని ఘాటు తెలుస్తూనే ఉంది. పక్కింట్లో మిరపకాయలు మాడ్చినట్టు గొంతు గరగరలాడింది.

గొట్టాల మూతలకు లక్క పోసి నా ముద్ర వేశాను. ఆ తర్వాత ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను. చేత్తోనే రాయాలన్నది నిబంధన. యంత్రాలు ఏ బొమ్మనైనా, ఏ గొంతునైనా, ఏ అంకెనైనా పుట్టించడం నేర్చాక కోర్టులు వాటిని నమ్మడం మానేశాయి. సముద్రం మీద తేలే ఉష్ణమాపకాల లెక్కలు పట్టుకెళ్తే జడ్జీలు నవ్వుతారు. మనిషి పుట్టించలేని సాక్షి ఒక్కటే మిగిలింది, సముద్రం అడుగున బురద. దాన్ని పైకి తెచ్చి, చదివి, మట్టి సభ అనే కోర్టులో దాని తరఫున ప్రమాణం చేసి చెప్పడం నా ఉద్యోగం. గరికిన నూకరత్నం, మట్టి సాక్షి. పేరూ హోదా ప్రతి గొట్టం మీదా రాసి రాసి చెయ్యి దానంతటదే రాసేస్తుంది.

నమోదు 213
ఓడలోని ప్రయోగశాల

బురద కోసి, ఆరబెట్టి, అందులోని కొవ్వు కడిగి తీశాను. అందులో సుద్దనాచు కొవ్వు నేననుకున్నట్టు లేదు.

ఎప్పుడైనా ఎవరైనా ఈ పుస్తకం చదివితే వాళ్ళకు తెలియాలి కనుక రాస్తున్నాను. సుద్దనాచు కంటికి కనిపించనంత చిన్న మొక్క. ఒంటినిండా సుద్ద బిళ్ళలు తొడుక్కుని నీటి పైపొరలో తేలుతుంది. నీరు చల్లబడితే, చలికాలం నెయ్యి పేరుకున్నట్టు తన కొవ్వు పేరుకుపోకుండా, ఆ కొవ్వు గొలుసులో ఒక వంపు ఎక్కువ పెట్టుకుంటుంది. వేడినీళ్ళలో రెండు వంపులు చాలు. చల్లబడితే మూడు. అది చచ్చి అడుగుకు చేరాక ఒళ్ళు పోయినా కొవ్వు చాలాకాలం ఉంటుంది. ఏ ఏటి బురదలో ఏ కొవ్వు ఎంతుందో చూస్తే ఆ ఏడు సముద్రం ఎంత కాగిందో చెప్పేయొచ్చు.

సముద్రం కాగి ఎర్రగాలి లేచాక మా వాళ్ళు తీరం వదిలి కొండెక్కి ఇరవై రెండేళ్ళు. అన్నేళ్ళ బురదలోనూ నేను రెండు వంపుల కొవ్వే చూశాను. ఇవాళ పైపొరల్లో మూడు వంపుల కొవ్వు కనిపించింది. నమ్మలేక మళ్ళీ కడిగాను, మళ్ళీ కనిపించింది. గట్టిగా, స్పష్టంగా.

తీరం తిరిగి తెరవడానికి చట్టం అడిగేవి రెండే. వరసగా మూడేళ్ళ పొరల్లో మూడు వంపుల కొవ్వు ఉండాలి. ఎర్రగాలి పుట్టించే విషపు ఎర్రనాచుకూ ఒక గుర్తు కొవ్వు ఉంది. సుద్దనాచు కొవ్వుతో పోలిస్తే అది పదోవంతుకు తగ్గాలి. రెండూ కుదిరాయి.

సముద్రం మీద మంచుపొగ చల్లి ఎండను తిప్పికొడతామని హిమధార కంపెనీ పడవలు తిరుగుతుంటే ఇన్నాళ్ళూ వెక్కిరించిన వాళ్ళలో నేనూ ఉన్నాను. ఇవాళ ఒడ్డుకేసి చూస్తూ ఏడ్చాను. దావీదు ఏమైందని అడిగితే చెప్పాను. ఆయన టోపీ తీసి చేతిలో పట్టుకుని నిలబడ్డాడు.

నమోదు 216
గుమ్మకొండ కాలనీ

వార్త నాకంటే ముందే కొండెక్కేసింది. వీధి వీధంతా వలలు. అటకల మీంచి దింపి ఎండలో పరిచేశారు. సగం వలలు ఎలకలు కొట్టేశాయి. అయినా కూర్చుని బాగు చేస్తున్నారు.

మా మేనత్త ఎర్రాయమ్మ నన్ను చూడగానే రెండు చేతులతో బుగ్గలు నొక్కింది. “నీ నోట్లో సక్కిరి పొయ్యా! సంద్రం సల్లబడిందట గదే అమ్మీ! నానింకెన్నాళ్ళీ కొండ మీద మేకనాగ బతకాల? సచ్చేలోపల ఉప్పునీళ్ళలో కాళ్ళెడతానో నేదో అనుకున్నాను.”

ఆమె కొడుకు కొర్లయ్య బావ వలలో చిరుగు వెతుకుతూ నవ్వాడు. కొండెక్కేనాటికి అతనికి పదిహేనేళ్ళు. అప్పటికే తండ్రి పడవలో వేటకు వెళ్ళేవాడు. ఇక్కడ అల్లం తోటలో కూలికి పోతున్నాడు. ఇన్నేళ్ళలో అతను తిండి మీద ఇష్టం చూపించడం నేనెరగను. ఇవాళ రెండుసార్లు అన్నం పెట్టించుకున్నాడు.

నమోదు 219
ప్రయోగశాల

సభకు పంపే ముందు నివేదికలో ఒక సూక్ష్మదర్శిని చిత్రం చేత్తో గీసి జతచేయాలి. సుద్దనాచు ఒంటి బిళ్ళలు గీద్దామని పైపొర బురద అద్దం కింద పెట్టాను.

బిళ్ళలు లేవు.

ఇంకో చిటికెడు పెట్టాను. లేవు. అడుగుపొరల్లో, సముద్రం కాగిపోయిన ఏళ్ళ బురదలో, పాపం అక్కడొకటి అక్కడొకటి కనిపించాయి. కొవ్వు పదింతలు పెరిగిన పైపొరల్లో మాత్రం ఆ కాసినీ లేవు. పెళ్ళికి వెయ్యిమంది వచ్చి తిన్నారని చెప్పి, ఒక్క ఎంగిలాకు కూడా చూపించలేకపోతే ఏమనుకోవాలి?

అప్పుడు ఎర్రనాచు కొవ్వు లెక్క మళ్ళీ తీశాను. సుద్దనాచుతో పోల్చకుండా, దానంతట దాన్ని కొలిచాను. పిసరంత కూడా తగ్గలేదు. విషం ఉన్నంతా ఉంది. పక్కన ఇంత కొవ్వు కుమ్మరించేసరికి నిష్పత్తిలో చిన్నదైపోయింది, అంతే.

నాకు వెంటనే కోపం రాలేదు. ముందు సిగ్గేసింది, ఓడ మీద ఏడ్చినందుకు. తర్వాత వచ్చింది కోపం.

నమోదు 220
విభాగం ఆఫీసు

మా డైరెక్టరు ఫణిభూషణ్, నేను ఒకే బ్యాచిలో మట్టి సాక్షులుగా ప్రమాణం చేశాం. అతని గదిలో కుర్చీ లాక్కుని కూర్చుని విషయమంతా చెప్పాను.

“బిళ్ళలు కరిగిపోయుంటాయి రత్నం. నీళ్ళు పులిసిపోయాయి కదా, సుద్ద నిలవదు. పాఠంలో ఉన్నదే.”

“పాత పొరల్లోవి కరగలేదే? అవి ఇంకా ఎక్కువకాలం నానాయి.”

“అదీ ఇదీ కలిపి కారణాలు బోలెడుంటాయి.”

“ఒక్కటే కారణం ఉంది. ఆ కొవ్వు నాచు చేసింది కాదు. ఎవరో ఫ్యాక్టరీలో చేసి నీళ్ళ మీద పోశారు. హిమధార పడవలు తిరిగిన దారిలోనే మరీ దట్టంగా ఉంది.”

అతను లేచి తలుపు మూసి వచ్చాడు. “చట్టం రెండు అడిగింది. రెండూ ఉన్నాయి. బిళ్ళలుండాలని చట్టంలో లేదు. కొండ మీద ఎనభై వేలమంది కిందకి దిగుదామని మూటలు కట్టుకుని కూర్చున్నారు, అందులో మీ వాళ్ళూ ఉన్నారు. వాళ్ళకి నువ్వేం చెప్తావు?”

“నిజం చెప్తాను.”

“అనుమానం చెప్తావు. నిజం ఇంకా నీ దగ్గర లేదు.”

అతని మాటలో నిజముంది, అదే నాకు మండింది. అనుమానం తీర్చే పరీక్ష ఒకటుంది. బతికిన ప్రతిదీ గాలిలోంచి కాస్త చురుకైన కర్బనం తీసుకుంటుంది. చచ్చాక అది వేల ఏళ్ళ మీద మెల్లగా ఆరిపోతుంది. మొన్న మొన్న బతికిన నాచు కొవ్వులో అది ఇంకా ఉండి తీరాలి. నేలబొగ్గు నుంచో చమురు నుంచో చేసిన కొవ్వులో ఒక్క రవ్వ కూడా ఉండదు. అయితే ఆ పరీక్షకు చాలా కొవ్వు కావాలి, అంటే చాలా బురద కావాలి. ఇంకోసారి ఓడ ఇమ్మన్నాను.

“తరంగిణి మరమ్మతుకు వెళ్తోంది” అన్నాడు ఫణి. నా కళ్ళలోకి చూడలేదు.

పొద్దున దావీదు ఇంజనుకు నూనె పోస్తుంటే చూసి వచ్చాను నేను. మరమ్మతట!

నమోదు 222
గుమ్మకొండ

అత్తకు చెప్పాను. దాచిపెట్టి వెళ్ళే పని నావల్ల కాదు.

ఆమె చేతిలోని వల పక్కన పడేసింది. “ఏటి సెప్తన్నావే నువ్వు? నిన్న సల్లబడిందన్నావు, ఇయ్యాల నేదంతన్నావు. మా బతుకులు నీ గొట్టంలో బురదనుకున్నావేటి, ఇలగ ఒంపి అలగ ఒంపడానికి?”

“అత్తా, ఎర్రగాలి పోలేదు. అక్కడికెళ్తే చచ్చిపోతారు.”

“ఇక్కడ బతుకుతన్నామని నీకెవులు సెప్పినారు?”

బయటికి వస్తే వీధిలో ఆడవాళ్ళు మాటలు ఆపేశారు. చిన్నప్పుడు నన్ను ఎత్తుకుని తిప్పిన వాళ్ళు.

కొర్లయ్య బావ వెనకాలే వచ్చాడు. “ఎంత బురద కావాల నీకు?”

“గోనెలకొద్దీ.”

“మీ ఓడ ఇయ్యరట గదా. దావీదు బామ్మర్దికి పాత మరపడవుంది. నానొస్తాను. నా సేతుల్తోనే తోడతాను. ఆ పరీచ్చేదో అయిపోనీ, నీ నోరు మూతబడిపోద్ది. మావెల్లిపోతాం.”

నా మాట అబద్ధమని రుజువు చేయడానికి నాకు సాయం వస్తున్నాడు. అలాంటి సాయం కూడా కాదనే స్థితిలో లేను.

నమోదు 225
మరపడవ మీద, వంశధార మొగ

మట్టి సాక్షికి ఏ పడవ మీదైనా వెళ్ళే హక్కుంది. ఆ హక్కు ఇంకా ఎవరికీ తీసేయాలని తోచలేదు. అంచు పదునుగా ఉన్న ఇనపపెట్టె గొలుసుతో దించి, అడుగును గీకి పైకి లాగాం. బావ, దావీదు చెరో పక్క. గొలుసు తగిలి బావ అరచేతులు చీరుకుపోయాయి. గుడ్డ చుట్టుకుని మళ్ళీ లాగాడు.

మధ్యాహ్నం పని ఆపాక అతను ముక్కుగుడ్డ తీసేసి పడవ అంచున కూర్చున్నాడు. కట్టుకోమన్నాను. వినలేదు.

“సూసినావా అమ్మీ, ఏటైనా ఉందా గాలిలో? నేదు. మంచి గాలి.”

“ఇవాళ ఉత్తరపు గాలి బావా. దక్షిణం తిరిగితే తెలుస్తుంది.”

“నువ్వెప్పుడూ ఇంతే” అన్నాడు, కానీ నవ్వుతూనే అన్నాడు. నీళ్ళలో చెయ్యి పెట్టి అలాగే ఉంచేశాడు. దావీదు ఇంజను వెయ్యబోయి అతన్ని చూసి ఆగాడు.

దూరంగా హిమధార పడవ తెల్లటి పొగ చిమ్ముకుంటూ పోతోంది. ఎండలో అందంగానే ఉంది. నాకు దాని మీదకి దూకి గొట్టం పీకేయాలనిపించింది.

నమోదు 241
దక్కను మీది కర్బనశాల

కొవ్వు వేరుచేయడానికి పదిరోజుల పైనే పట్టింది. నేనే సీసా ఒళ్ళో పెట్టుకుని రైల్లో తెచ్చాను. అడుగుపొరల కొవ్వు కూడా తెచ్చాను, పోల్చడానికి.

పాత పొరల రెండు వంపుల కొవ్వులో చురుకైన కర్బనం ఉండాల్సినంత ఉంది. ఆ నాచు మా కాలంలోనే బతికింది. పైపొరల మూడు వంపుల కొవ్వులో బొత్తిగా లేదు. మొన్న వర్షాకాలంలో బతికి చచ్చిందని చెబుతున్న నాచు వయసు, యంత్రం కొలవగలిగినంత దూరం దాటిపోయింది. మనుషులే పుట్టని కాలం నాటి చమురు తీసుకుని, వండి, మూడు వంపులు పెట్టి, మా సముద్రం మీద చల్లారు.

శాల పెద్ద నా ముఖం చూసి మంచినీళ్ళు తెప్పించింది. నేను తాగలేదు. బొమ్మలు చెడగొట్టారు, గొంతులు చెడగొట్టారు, లెక్కలు చెడగొట్టారు. ఎవరి జోలికీ పోకుండా సముద్రం అడుగున పడుండే బురదను కూడా వదల్లేదు. చచ్చిన నాచు పేరు మీద దొంగ వాంగ్మూలం రాసి, ఆ కాగితం చూపించి బతికిన మనుషుల్ని విషంలోకి దింపుతున్నారు. వాళ్ళకేం కావాలి? తీరం తెరిస్తే మంచుపొగ పనిచేసిందని ఒప్పుకున్నట్టే, సముద్రాన్ని చల్లబరిచే గుత్త ఇంకో నలభై ఏళ్ళు వాళ్ళదే. అదీ కథ.

నమోదు 248
మట్టి సభ

ముగ్గురు జడ్జీల ముందు అంతా చెప్పాను. బిళ్ళలు లేకపోవడం, విషం తగ్గకపోవడం, కర్బనం లేకపోవడం. సభలో గుమ్మకొండ నుంచి వచ్చినవాళ్ళు కిక్కిరిసి ఉన్నారు. అత్త ముందు వరసలో కూర్చుంది. బావ తలుపు దగ్గర నిలబడ్డాడు.

హిమధార తరఫు లాయరు నిరంజనాదేవి లేచింది. నా లెక్కల్లో తప్పులు వెతుకుతుందని సిద్ధపడి ఉన్నాను. ఆమె నాకు నమస్కారం పెట్టింది.

“మట్టి సాక్షి గారి పనితనం గొప్పది. ఒక్క అక్షరం కూడా మేం కాదనడం లేదు. ఎవరో గుర్తుతెలియనివాళ్ళు సముద్రంలో కృత్రిమమైన కొవ్వు కలిపారు. ఎంత ఘోరం! రత్నంగారూ, ఒక్క ప్రశ్న. బురదను కల్తీ చేయవచ్చని మీరు రుజువు చేశారు, అవునా?”

“ఈ బురదను కల్తీ చేశారని రుజువు చేశాను.”

“చేయవచ్చా, చేయలేమా?”

“చేయవచ్చు. కానీ దొరుకుతుంది.”

“ఈసారి దొరికింది. ఇంతకు ముందు దొరకనివి ఎన్నున్నాయో మీరు ప్రమాణం చేసి చెప్పగలరా?” జవాబు కోసం ఆగకుండా జడ్జీల వైపు తిరిగింది. “తీరం మూసేయమని ఇరవై రెండేళ్ళ కింద చెప్పింది కూడా బురదే. ఈ సాక్షిని నమ్మలేమని ఈవిడే చెప్పాక, ఆ సాక్ష్యం మీద ఎనభై వేలమందిని కొండ మీద బంధించి ఉంచడం న్యాయమా?”

సభంతా గొల్లుమంది. కొండవాళ్ళలో చాలామంది చప్పట్లు కొట్టారు. నేను లేచి ఏదో అరిచాను. ఏమరిచానో గుర్తులేదు. దొంగ మన ఇంట్లో పడ్డాడని తలుపు చూపిస్తే, “తలుపులు పనికిరావు కాబట్టి పీకేయండి” అన్నట్టుంది అని అరిచినట్టున్నాను. పెద్ద జడ్జి నన్ను కూర్చోమన్నాడు.

తీర్పు: నియమాలు మళ్ళీ రాసేవరకు బురద సాక్ష్యం చెల్లదు. తీరం మూసివేత ఉత్తర్వు కూడా బురద మీద ఆధారపడింది కనుక అదీ చెల్లదు. ఇష్టమున్నవాళ్ళు తమ బాధ్యత మీద తాము దిగవచ్చు. ముగ్గురిలో చిన్నది, అరుణాంబ అనే జడ్జి, సంతకం పెట్టే ముందు చాలాసేపు కలం పట్టుకుని కూర్చుంది. చివరికి పెట్టింది.

వరండాలో ఫణిభూషణ్ ఎదురుపడ్డాడు. “నేను చెప్పాను కదా రత్నం” అన్నాడు. ఏం చెప్పాడు? ఎప్పుడు చెప్పాడు? అతన్ని దాటి వెళ్ళిపోయాను. ఆగి ఉంటే నోరు పాడయ్యేది.

నమోదు 251
గుమ్మకొండ, బస్సుల దగ్గర

హిమధార వాళ్ళు బస్సులు పంపారు, పూలదండలతో సహా. నిరంజనాదేవి కూడా వచ్చింది, ఫొటోల కోసం. ఎవరూ నమ్మని ఫొటోలు ఎందుకు తీస్తారో మరి.

నేను వెళ్ళకూడదనుకున్నాను. వెళ్ళాను. జనం మూటలతో నిలబడి ఉన్నారు. ఎవరూ నన్ను పలకరించలేదు. అప్పుడు అత్త నా దగ్గరకు వచ్చింది. సభ నుంచి వచ్చాక ఆమె నాతో మాట్లాడ్డం అదే మొదలు.

“అమ్మీ, ఒక్కటి సెప్పు. ఆ లాయరమ్మ నీ లెక్క తప్పన్నాదేటి?”

“లేదత్తా. అంతా నిజమే అంది.”

“గాలిలో ఇసం ఉన్నాదన్నావు. అది నేదన్నాదేటి?”

“అనలేదు. దాని గురించి ఎత్తనేలేదు.”

“ఓలమ్మ! నానూ అదే ఇన్నాను. అందరూ సప్పట్లు కొడతంటే నా సెవులు సెడ్డాయేమో అనుకున్నాను.” మూట నా చేతిలో పెట్టి నేరుగా లాయరు దగ్గరకు వెళ్ళింది. “అమ్మా, నువ్వు ముందు బస్సెక్కు. నీ పిల్లల్నీ తెచ్చీ. మా ఇల్లు ఒడ్డునే ఉండీది, గోడలుంటాయి, నాను ఊడ్సి ముగ్గెడతాను. దచ్చినం గాలి తిరిగేదాకా మాతోటి ఉండు. అలగైతే నానొస్తాను.”

“నాకు పనులున్నాయమ్మా. కంపెనీ వైద్యులు ఉంటారు అక్కడ.”

“వైద్దిలు దేనికి, గాలి మంచిదైతే?”

లాయరు నవ్వింది. ఫొటోలు తీసేవాళ్ళ వైపు తిరిగింది. అత్త బస్సు ముందు, రోడ్డు మధ్యన, కాళ్ళు చాపుకుని కూర్చుంది. “ఎక్కించీ బస్సు నా మీద” అంది డ్రైవరుతో. ముందు నలుగురు ఆడవాళ్ళు వచ్చి పక్కన కూర్చున్నారు. తర్వాత వీధి వీధీ వచ్చింది. ఎక్కినవాళ్ళు ఒక్కొక్కరే దిగారు. పూలదండలు ఎండకి వాడిపోయాయి.

కొర్లయ్య బావ దిగలేదు. కిటికీలోంచి అత్తను పిలిచాడు. “అమ్మా, లెగు. నాను ఇలగ బతకనేను. ఎన్నాల్లున్నా అల్లం తవ్వడవేగదా.”

“నా మాట ఇనరా.”

“ఇరవై రెండేళ్ళు ఇన్నాను.”

అతనితో పాటు ఇంకో పదిమంది దాకా మగవాళ్ళున్నారు. అత్త లేవలేదు. వాళ్ళు బస్సు దిగి, ఆమెను చుట్టి వచ్చి, నడుచుకుంటూ కొండ దిగిపోయారు. నేను మలుపు దాకా వెంట పరిగెత్తి ముక్కుగుడ్డలు ఇవ్వబోయాను. బావ ఒక్కడే ఒకటి తీసుకుని జేబులో పెట్టుకున్నాడు.

నమోదు 263
తీరం

నిన్న గాలి దక్షిణం తిరిగింది. దావీదు, నేను మరపడవ వేసుకుని వెళ్ళాం. నీళ్ళు మొగ పొడుగునా తుప్పు రంగులో ఉన్నాయి. కంపెనీ వైద్యుల గుడారం ఖాళీ. గాలి తిరుగుతుందని వాళ్ళకు ముందే తెలుసు. వాళ్ళు ముందే వెళ్ళిపోయారు.

మనుషుల్ని పాత తుపాను షెల్టర్లో కనుగొన్నాం. తలుపు సందుల్లో తడిబట్టలు కుక్కుకుని ఉన్నారు. ఇద్దరు చనిపోయారు. తెడ్డు పోలయ్య, అతని తమ్ముడు లచ్చయ్య. పేర్లు రాస్తున్నాను, ఎందుకంటే కంపెనీ రాయదు. మిగిలినవాళ్ళను ఒక్కొక్కరినే మోసి పడవెక్కించాం. బావ ఒళ్ళు నిప్పులా కాలుతోంది. ఊపిరి తీసుకుంటే లోపల చిల్లుపడిన డప్పు మోగినట్టుంది. నన్ను గుర్తుపట్టాడు. “సేపలున్నాయమ్మీ” అన్నాడు, “సానా ఉన్నాయి. అన్నీ ఎల్లకిలా.”

నమోదు 270
గుమ్మకొండ

విభాగం నుంచి తాఖీదు వచ్చింది. ఫణి సంతకం. చనిపోయినవారి గురించి, జబ్బుపడినవారి గురించి మట్టి సభ విచారిస్తోందట. “గుమ్మకొండ కాలనీ కొర్లయ్య ఊపిరితిత్తులకు కలిగిన హాని సహజ కారణం వల్లనే గానీ కృత్రిమంగా కల్పించినది కాదని మట్టి సాక్షి హోదాలో ధ్రువీకరించగలరా?”

చదివి కాగితం చింపబోయాను. అత్త ఏముందని అడిగింది. చదివి వినిపించాను. ఆమెకు అర్థం కావడానికి రెండోసారి చదవాల్సి వచ్చింది.

“ఏటీ? నా కొడుకు దగ్గు దొంగ దగ్గంటారేటి?”

“అలా అని కాదత్తా. అవునో కాదో నన్ను చెప్పమంటున్నారు.”

“రాయి. నాను సెప్తాను, నువ్వు రాయి.” మంచం పక్కన కూర్చుని, బావ చెయ్యి ఒళ్ళో పెట్టుకుని చెప్పింది. “మీకు బొమ్మలు నమ్మకం నేదు. గొంతులు నమ్మకం నేదు. బురదా నమ్మకం నేదు. ఇంకేటి నమ్మకవో మాకు తెల్దు. కొండెక్కి రండి. మా గుంటడి గుండి మీద సెవెట్టి ఇనండి. అది మీ సెవి, మావు సేసింది కాదు. రాసినావా?”

“రాశాను.”

ఒక్క అక్షరం దిద్దకుండా రాసి, కింద నా పేరూ హోదా పెట్టి, దావీదు చేతికిచ్చి పంపాను.

నమోదు 274
గుమ్మకొండ

ఎవరూ రారనుకున్నాను. ఇవాళ మధ్యాహ్నం జడ్జి అరుణాంబ వచ్చింది. ఒక్కతే, నడిచి, చెమటలు కక్కుకుంటూ. అత్త కూర్చోమనలేదు. మంచం చూపించి “ఇను” అంది.

ఆమె మోకాళ్ళ మీద కూర్చుని బావ గుండె మీద చెవి ఆనించింది. దగ్గు తెర వచ్చింది. ఆమె తల తీయలేదు. తెర తగ్గేదాకా అలాగే ఉంది. లేచినప్పుడు ఆమె చెంప మీద బావ చెమట ఉంది. తుడుచుకోలేదు. “ఆ తీర్పు మీద నేనూ సంతకం పెట్టాను” అంది అత్తతో. అత్త పోయి మంచినీళ్ళు తెచ్చి ఇచ్చింది.

నమోదు 279

ఉత్తర్వు వచ్చింది. తీరం మళ్ళీ మూశారు. కర్బన పరీక్ష జోడిస్తే బురద సాక్ష్యం చెల్లుతుందన్నారు. కాగితం చివరిదాకా చదివాను. హిమధార పేరు ఎక్కడా లేదు. కొవ్వు కలిపింది “గుర్తుతెలియని వ్యక్తులు”. పోలయ్య, లచ్చయ్యల చావు “దురదృష్టకరం”. అదృష్టం ఎక్కడ చెడిందో నాకు తెలుసు. ఎవరు చెడగొట్టారో కూడా తెలుసు.

రేపు ఉత్తరపు గాలి. హిమధార పడవ ఇంకా తిరుగుతూనే ఉంది. అది పొగ చిమ్ముతూ పోతుంటే దాని వెనకాలే మరపడవ నడుపుతానని దావీదు అన్నాడు. దాని పొగ కిందే పళ్ళాలు పట్టుకుని నిలబడి, అందులో కలిపి చల్లే కొవ్వును నీళ్ళను తాకకముందే పడతాం. అప్పుడు ఎవరో కలిపారని ఎవరూ అనలేరు.

పళ్ళాలు పట్టడానికి ఇంకో మనిషి కావాలన్నాను. బావ మంచం మీంచి చెయ్యెత్తాడు. అత్త ఆ చేతిని కిందికి దించి దుప్పటి కప్పింది. తర్వాత గోడకున్న ముక్కుగుడ్డ తీసి కట్టుకుని చూసుకుంది.

“ఇరవై రెండేళ్ళకి సంద్రానికి ఎల్తన్నాను” అంది. “సేపల ఏటకనుకున్నాను గానీ, ఇలగనుకోనేదు. ఎన్నింటికి బయల్దేరాల?”